అమొలోయాన్ దళం ఎవరి పిలుపుకి నడిచింది

అమొలోయాన్, పుయెబ్లా కొండలు
ఆదివారం, 8 ఏప్రిల్ 1962

అన్నయ్య ఫౌస్తీనోకి,

చెల్లెలు ఒతీలియా నమస్కారాలు. తాతయ్య నడుస్తున్నాడు, తిడుతున్నాడు, అంటే బాగానే ఉన్నాడు. నేను బడికి వెళ్తున్నాను, వస్తున్నాను. నువ్వు ఎలా ఉన్నావో నాలుగేళ్లుగా మాకు తెలియదు కాబట్టి బాగుండాలని మన గుళ్లో శాన్ మిగేల్‌కి రోజూ ఒక మాట చెప్పుకుంటున్నాను.

ఇన్నాళ్లూ రాయనిదాన్ని ఇప్పుడెందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. మన ఊరి దళం యుద్ధంలో మోగించిన బ్యూగిల్ పిలుపుని నేను అయిదు గీతల కాగితం మీద స్వరాలుగా రాసి పంపాలి. అది ఈ నెల ఇరవై అయిదో తారీఖుకి నీ బల్ల మీదికి వస్తుంది. సైనిక మండలం పంపిన ఉత్తర్వు అడుగున, స్వరపత్రాల పరిశీలన, సెకండ్ సార్జెంట్ ఫౌస్తీనో అర్రియాగా, సంగీత భాండాగారం అని టైపు చేసి ఉంది. నీ పేరు నా వేలికింద కనబడగానే ఆ వరస పైకి చదవకుండా కాగితం మడిచేశాను. ఆ కాగితం కంటే ముందు ఈ ఉత్తరం నీకు చేరాలి. అందుకని రాస్తున్నాను.

దీన్ని మొదలుపెట్టడం ఇది మూడోసారి. మొదటిది మరీ పంతులమ్మ రాసినట్టుంది, చింపేశాను. రెండోది ఏడుపుగొట్టుగా ఉంది, పొయ్యిలో వేశాను. దీన్ని మాత్రం ఎలా వస్తే అలా రాసి, మళ్లీ చదవకుండా అంటించేస్తాను.

ఉత్తర్వు మార్చి రెండో వారంలో వచ్చింది. ప్రెసిడెంటు దోన్ అబుందియో ఊరంతటినీ పంచాయతీ కచేరీకి పిలిపించి, కాగితం నా చేతిలో పెట్టి, గట్టిగా చదువు పంతులమ్మా, గోడలక్కూడా వినబడాలి అన్నాడు. చదివాను. మే అయిదున పుయెబ్లాలో, ఫ్రెంచి వాళ్లని మనవాళ్లు ఓడించిన యుద్ధానికి నూరేళ్ల పండగ. ఆ రోజున, అప్పట్లో దళాలు పంపిన కొండ ఊళ్ల నుంచి నలభయ్యేసి మంది మగవాళ్లు, తాతలు కట్టినట్టే తెల్ల బట్టలు కట్టి, తమ బ్యూగిల్ వెనకాల నడవాలి. జనరల్ కూర్చున్న వేదిక ముందుకి వచ్చినప్పుడు ఏ దళానికి ఆ దళం తన సొంత పిలుపు మోగించాలి. దానికి ఒక పత్రం నింపి పంపాలి. అందులో నాలుగు గడులు. దళం పేరు, కెప్టెన్ పేరు, 1862 మే 5న మోగిన పిలుపు స్వరాలు, ఇప్పుడు ఊదబోయే మనిషి పేరు. సరిపోని పత్రం వచ్చిన ఊరిని జాబితాలోంచి కొట్టేస్తారు.

మూడో గడి చదివేసరికి జనం తలలన్నీ తాతయ్య వైపు తిరిగాయి, బ్యూగిల్ ఉండేది ఆయన దగ్గరే కదా. ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. వెనకనుంచి ఎవడో, ఇంకేం, ఫ్రెంచి సెనోబియో ఇప్పుడు పుయెబ్లాకి పోయి ఊదుతాడు అన్నాడు. నలుగురు నవ్వారు. నోళ్లు ముయ్యండిరా, ఊదేది ఎవడైతేనేం, ఊరు మనదే కదా అని దోన్ అబుందియో కసిరాడు. తరవాత ఆయన కూడా మీసం చాటున నవ్వుకున్నాడు. నేను చూశాను.

ఆ పేరు తాతయ్యకి నీవల్లే వచ్చిందని నీకు తెలుసో తెలియదో. నువ్వు వెళ్లిన వారానికి పిల్లలు మొదలుపెట్టారు, ఏడాదికి పెద్దవాళ్లు అందుకున్నారు. ఎగతాళి అంటే అంతే కదా.

ఆ రోజు సంగతి నీకు తెలిసిందే అయినా నావైపు నుంచి చెప్పాలి. నేను వంటింటి గడపలో నిలబడి అంతా చూశాను. శాన్ మిగేల్ పండగ. నువ్వు సెలవు మీద వచ్చావు, చొక్కా చేతి మీద కొత్త హోదా పట్టీ. తాతయ్య గుడి ముందు నిలబడి పిలుపు ఊదాడు, మగవాళ్లంతా టోపీలు తీశారు. ఆ తరవాత మన వాకిట్లో ఇరవై మంది భోజనానికి కూర్చున్నారు. నేను టర్కీ కోడి మోలే కూర వడ్డిస్తున్నాను. నువ్వు ముఖం వెలిగిపోతూ, తాతయ్యా, నీకో వింత చెప్పనా అన్నావు. మా భాండాగారంలో పాత పిలుపుల పుస్తకం ఉంది, నువ్వు ఊదేది అందులో దొరికింది, అది మన దళానిది కాదు, ఫ్రెంచి వాళ్లతో చేతులు కలిపిన మన దేశంవాళ్ల రెండో తేలిక పటాలానిది, నూరేళ్లుగా ఈ ఊరు శత్రువు పిలుపుకి టోపీలు తీస్తోంది అన్నావు. అని నవ్వావు కూడా.

చెడ్డ బుద్ధితో అనలేదని నాకు తెలుసు. నార్మల్ స్కూల్ నుంచి పంతులమ్మనై వచ్చిన మొదటి ఏడు నేనూ అంతే. దోన్యా ప్రాక్సెదిస్ దడుపుకి గుడ్డు దిగదుడుస్తుంటే, అదంతా ఉత్తదే అని పది మందిలో చెప్పేశాను. ఆరునెలలు నాకు మొక్కజొన్న తమాలెలు అమ్మలేదు. మనింట్లో మనకి ముందు ఎవరూ అక్షరం ఎరగరు. నేను బడిలో నేర్చుకున్నాను, నువ్వు బారకాసులో నేర్చుకున్నావు. చదువు కొత్తగా వచ్చినప్పుడు ఆ బరువు ఎక్కడ దించుకోవాలో తెలియదు, మొదట కనబడిన మనిషి నెత్తిన దించుతాం.

తాతయ్య మూతి తుడుచుకున్నాడు. ఆ పుస్తకం ఎవడు రాశాడు అని అడిగాడు. సైన్యం రాసింది అన్నావు. ఏ సైన్యం, ఈ కొండల్లోకి ఎన్ని సైన్యాలు వచ్చాయో నీకు లెక్క తెలుసా, నా తండ్రి ఆ పిలుపుతో ఈ ఊరి మగవాళ్లని ఇంటికి తెచ్చాడు, నీ పుస్తకం ఎవణ్ని తెచ్చిందిరా అన్నాడు. అప్పుడు నువ్వు, నీ తండ్రి అబద్ధం చెప్పాడేమో అన్నావు. తాతయ్య కొట్టలేదు, అరవలేదు. లేచి వచ్చి నీ ముందున్న పళ్లెం తీసేశాడు. సగం తిన్న పళ్లెం. అది చెంపదెబ్బ కంటే పెద్దదని అక్కడున్న ఇరవై మందికీ తెలుసు. మర్నాడు కాఫీ లారీ ఎక్కి నువ్వు వెళ్లిపోయావు.

ఇప్పటిదాకా నీకు తెలిసింది. ఇక తెలియనిది రాస్తాను.

మూడో గడికి ఋజువేదైనా దొరుకుతుందేమోనని రెండు శనివారాలు కచేరీ పాత పెట్టె ముందు కూర్చున్నాను. పైన భూమి తగాదాల కాగితాలు, కింద ఎలుకలు కొట్టినవి, అట్టడుగున మైనపు గుడ్డలో ఒక పుస్తకం. దళం కెప్టెన్ రోసేందో తాను పంపిన ఉత్తరాలకి నకళ్లు రాసిపెట్టుకున్న పుస్తకం. ఆయన చేతిరాత బాగానే ఉంది కానీ ఊపిరి తీసుకోకుండా రాస్తాడు, చుక్క అనేది ఉండదు. 1862 జూన్ రెండో తారీఖు వేసి జిల్లా అధికారికి రాసిన ఉత్తరం దగ్గర నేను ఆగిపోయాను. నకలు తీసి దీంతో పెడుతున్నాను. సారాంశం ఆయన మాటల్లోనే ఇది.

మే అయిదున కొండ వాలు మీద మా బ్యూగిల్ మనిషి లూసియో తూటా తగిలి పడిపోయాడు. అతనితో మా పిలుపూ పోయింది. దాన్ని గుర్తుపట్టడం మా అందరికీ వచ్చు, ఊదడం అతనికొక్కడికే వచ్చు. ఆ తరవాత పదిహేను రోజులు నేను గొంతుతోనే దళాన్ని నడిపాను. నోట్లోంచి రక్తం వచ్చింది. మా లోయల్లో పొగమంచు దిగితే పక్కవాడి తుపాకీ కనబడదు, పిలుపు లేని దళం దళమే కాదు. కనుమ దగ్గర మాకు చిక్కిన శత్రువుల్లో వాళ్ల బ్యూగిల్ ఊదే తిబుర్సియో అర్రియాగా అనేవాడు ఉన్నాడు. పందొమ్మిదేళ్లవాడు, మన దేశంవాడే, దూరాన గ్వానహువాతో మనిషి. పొలంలో ఉన్నవాణ్ని తాళ్లు కట్టి తీసుకుపోయి సైన్యంలో వేశారట. చిక్కినవాళ్లని కాల్చమని నాకు ఆజ్ఞ. వాణ్ని తప్ప మిగతావాళ్లని ఆజ్ఞ ప్రకారమే పంపించాను. వాడికి ఒక కొత్త పిలుపు కట్టి నేర్పించాం. మొదటి కొట్లాటలోనే భయానికి అది మరిచిపోయి, పాత పటాలం పిలుపే ఊదాడు. మావాళ్లు పిలుపు ఎవరిదో చూసుకోలేదు, మంచులోంచి దాని వైపే పరిగెత్తుకుంటూ వచ్చేశారు. ముప్పై ఆరు మందిలో ఒక్కడు కూడా తగ్గలేదు. శత్రువులు కూడా మేం వాళ్లవాళ్లమే అనుకుని కాసేపు కాల్చలేదు. అప్పటినుంచి అదే మోగనిస్తున్నాను. కొత్తది నేర్చుకునే తీరిక మావాళ్లకి లేదు. ఈ సంగతి పై వాళ్లకి పంపే నివేదికలో ఎక్కించవద్దని మనవి.

అన్నయ్యా, తిబుర్సియో అర్రియాగా మన ముత్తాత.

ఊరందరి ఇంటిపేర్లూ ఒకరివొకరికి చుట్టరికం, మనదొక్కటే ఎవరికీ కలవదు. పెద్దగా ఆలోచించలేదెప్పుడూ. నీ పుస్తకం నిజం చెప్పింది. తాతయ్యా నిజమే చెప్పాడు. ఇద్దరూ సగం సగం పట్టుకుని నాలుగేళ్లు ఇటొకరు అటొకరు కూర్చున్నారు.

నివేదికలో ఎక్కలేదు కాబట్టి భాండాగారంలో ఆ పిలుపు ఇంకా శత్రువుదే. యుద్ధం అయిదేళ్లు సాగింది కదా, 1867లో మనవాళ్లు పుయెబ్లాని తిరిగి గెలుచుకున్నప్పుడు ఆ పిలుపుతోనే పట్నంలోకి అడుగుపెట్టారు. అదీ కెప్టెన్ పుస్తకంలో ఉంది, ఒక్క వాక్యంలో. తిరిగి వచ్చినవాళ్లు పదహారు మంది. నూరేళ్లలో ఏం జరిగిందంటే, వాళ్లకి తెలిసింది కొడుకులకి చెప్పలేదు, కొడుకులు తమకి తోచింది మనవలకి చెప్పారు. చివరికి అది మే అయిదున పుయెబ్లా కోట మీద మోగిన పిలుపు అయి కూర్చుంది.

తాతయ్యకి వెంటనే చెప్పలేకపోయాను. అయిదు రోజులు బడికి వెళ్లడం, రావడం, కుండ పొయ్యి మీద పెట్టి మరిచిపోవడం. ఏమే, చిక్కుడు గింజలు మాడుస్తున్నావు, ఎవడైనా మనసులో పడ్డాడా అని ఆయనే అడిగాడు. ఆరో రోజు మధ్యాహ్నం ఆయన మొక్కజొన్న పొత్తులు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చదివాను. మన కొండ భాషలోకి మార్చి, నెమ్మదిగా.

ఆయన చేతులు ఆగలేదు. ఒలుస్తూనే ఉన్నాడు. చివరికి, చచ్చిపోయే ముందు మా నాన్న, నా గుంట దగ్గర అది ఊదొద్దురా అన్నాడు, జ్వరంలో ఏదో అంటున్నాడనుకున్నాం, ఊదాం, మూడుసార్లు ఊదాం అన్నాడు. అంతే. పడుకోబోతూ, గోడవైపు తిరిగి, అయితే వాడు అబద్ధం చెప్పలేదన్నమాట అన్నాడు. నీ పేరు అనలేదు. వాడు అని మాత్రం అన్నాడు. నాలుగేళ్లలో అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున మాత్రం మామూలు మనిషైపోయాడు. ఇలా రావే పంతులమ్మా, ఒక లెక్క చెప్పు, యుద్ధంలో శత్రువు దగ్గర పట్టుకొచ్చిన కంచరగాడిద అయిదేళ్లు మన మూటలు మోసింది, మన గడ్డి తింది, మన కొండ మీదే చచ్చింది, అది ఎవరి గాడిద అన్నాడు. మనదే అన్నాను. అయితే ఆ మాట నీ మూడో గడిలో రాసెయ్ అన్నాడు. గడి చిన్నది తాతయ్యా అంటే, అక్షరాలు చిన్నవి చెయ్యి, చదువుకున్నావు కదా అన్నాడు.

ఇక్కడే నాకు నిద్ర పట్టకపోవడం మొదలైంది. ఉత్తర్వులో అడిగింది మే అయిదున మోగిన పిలుపు. అది లూసియోతోపాటు మట్టిలో కలిసిపోయింది. మన దగ్గరున్నది దాని తరవాతిది. ఉన్నదున్నట్టు రాస్తే, సరిపోలేదని ఎవరైనా కొట్టేయవచ్చు. మే అయిదుదే అని రాస్తే, అది అబద్ధమని ఈ దేశంలో కాగితం చూసి చెప్పగల మనిషి ఒక్కడే, వాడి బల్ల మీదికే అది వస్తుంది.

దోన్ అబుందియోకి చెప్పాను. చెప్పక తప్పలేదు. ఆయన కుర్చీలోంచి లేచి తలుపు వేశాడు. ఎవరు చూడొచ్చారే తల్లీ, ఆ రోజు విన్నవాళ్లంతా చచ్చి ఎముకలైపోయారు, రాసెయ్ అన్నాడు. పరిశీలించేది మా అన్నయ్య అన్నాను. ఆయన ముఖం విచ్చుకుపోయింది. ఇంకేమే, ఇంటి మనిషేగా, ఒక టర్కీ కోడిని పంపిద్దాం అన్నాడు. మీకు మా అన్నయ్య తెలియదు అన్నాను. నువ్వూ తక్కువదానివేం కాదు, మొత్తం మీ కొంపంతా ఇంతే, ఒకడు పండగ రోజున పళ్లెం తీస్తాడు, ఇంకొకడు లారీ ఎక్కుతాడు, ఇదేమో కాగితానికి భయపడుతుంది, నలభై ఇళ్లలో ఆడవాళ్లు బట్టలు కుడుతున్నారు, పక్క ఊరు శాన్ లూకాస్ వాళ్లు మెరిసే కొత్త బ్యూగిల్ కొన్నారట, వాళ్లు జనరల్ ముందు నడుస్తుంటే మనం రోడ్డు పక్కన నిలబడి వేరుశెనగలు తినాలా అని అరిచాడు. ఊరి పరువు తీసే పంతులమ్మ మాకొద్దని ఇన్‌స్పెక్టర్‌కి రాస్తానని కూడా అన్నాడు. రాయడు. రాయాలంటే నా చేతే రాయించాలి. కానీ వేరుశెనగల మాట మాత్రం నాకు గుచ్చుకుంది. శాన్ లూకాస్ దళం యుద్ధం రోజున దారి తప్పి చీకటి పడ్డాక చేరిందని మనవాళ్లంటారు, మనవాళ్లు రాళ్ల వెనక నక్కారని వాళ్లంటారు. మనల్ని కొట్టేస్తే వాళ్లకి ఈ నూరేళ్లకీ సరిపడా నవ్వు దొరుకుతుంది.

మొన్న గురువారం ఒకటి జరిగింది, అదీ చెప్పాలి. మధ్యాహ్నం మూడింటికే మంచు కమ్మింది. బడి వదిలేశాను. దోన్యా ప్రాక్సెదిస్ కట్టెల కోసం లోయ అంచుకి వెళ్లింది, దారి కనబడక, కాలి కింద రాళ్లు జారుతుంటే అక్కడే చతికిలబడిందట. పిలుపు మోగింది. రోజూ మంచు ఎక్కేవేళ మోగేదే, ఆ రోజు ఏడెనిమిదిసార్లు మోగింది. ఆవిడ ఆ చప్పుడు పట్టుకుని పాక్కుంటూ వచ్చి మన వాకిట్లో పడింది. కట్టెలు మాత్రం వదల్లేదు. ఫ్రెంచి వాళ్లదో పింగాణీ వాళ్లదో నాకెందుకమ్మా, నన్ను ఇంటికి తెచ్చింది, మీ తాతకి ఈ మోపులో సగం ఇచ్చేస్తున్నా అంది. ఇచ్చి, పోతూ పోతూ రెండు కట్టెలు వెనక్కి లాక్కుంది.

ఆవిడని చూశాక నేను నిర్ణయించుకున్నాను. మూడో గడిలో అబద్ధం రాయను. లూసియో ఊదిన పిలుపు అతనితో పోయిందని, ఇది 1862 జూన్ నుంచి యుద్ధం ముగిసేదాకా దళం నడిచిన పిలుపని, శత్రువు దగ్గర చిక్కినదని, దీన్ని విని మనుషులు బతికారని రాస్తాను. చిన్న అక్షరాలతో. కెప్టెన్ ఉత్తరం నకలు జతచేస్తాను. దోన్ అబుందియోకి చెప్పే సంతకం పెట్టించుకుంటాను. ఆ పోట్లాట ఇంకా మిగిలుంది.

నిన్ను దాచమని అడగడం లేదు. నాలుగేళ్ల కిందట నువ్వు దాచలేదు, ఇప్పుడు అడిగితే ఏం బాగుంటుంది. నేనడిగేది వేరు. గడిలో మాట సరిపోలేదని ఆ కాగితాన్ని పక్కన పడేయకు. నీ పైన ఉన్న కెప్టెన్ దగ్గరికి నీ చేత్తో తీసుకెళ్లు. పాత పుస్తకంలో ఆ పిలుపు ఉన్న పేజీ తెరిచి, పక్కన ఈ నకలు పెట్టు. నీకు తెలిసిన సగమూ నాకు దొరికిన సగమూ ఒకే బల్ల మీద ఉంటే, ఆపైన వాళ్లు కొట్టేసినా నేను ఏమీ అనను. నువ్వు అనగలవు, సైన్యం భాష నీకు వచ్చు. మా పంతులమ్మ భాషకి అక్కడ ఎవరూ లేచి నిలబడరు.

రాస్తూ రెండుసార్లు లేచి వాకిట్లోకి వెళ్లి వచ్చాను. తాతయ్య, ఏమే, కాళ్లకింద చీమలున్నాయా, ఎవరికి రాస్తున్నావు అన్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి అన్నాను. ఇన్‌స్పెక్టర్‌కి అన్ని పేజీలా, పాపం అన్నాడు. ఆయనకి తెలుసనే నాకు అనుమానం.

ఉంటాను. అక్కడ వేళకి తిను. ఇక్కడ నీ పళ్లెం గూట్లోనే ఉంది, వేరేవాళ్లకి ఎవరికీ పెట్టలేదు.

నీ చెల్లెలు
ఒతీలియా అర్రియాగా
ప్రాథమిక పాఠశాల, అమొలోయాన్

తా.క. పైన రాసిందంతా నిజమే కానీ అసలు సంగతి రాయలేదు. మూడో గడి గురించి మూడు పేజీలు నింపి నాలుగో గడిని దాటేశాను. ఊదబోయే మనిషి పేరు.

తాతయ్య ఊదలేడు అన్నయ్యా. జనవరిలో తడిరాయి మీద జారి పడ్డాడు, ముందు పళ్లు నాలుగూ పోయాయి. పళ్లు లేని నోటికి బ్యూగిల్ ఆనదు, గాలి తప్ప ఏమీ రాదు. జావ తాగుతున్నాడు. ఆ మొదటి సాయంత్రం ఊదబోయి, చప్పుడు రాక, నా వైపు చూశాడు. వాలు మీద ఇంకా మనుషులున్నారు, మంచు ఎక్కుతోంది. నేను ఆయన చేతిలోంచి తీసుకుని, మొక్కజొన్న అటక ఎక్కి, కిటికీలోంచి ఊదాను. నార్మల్ స్కూల్ కవాతు బ్యాండులో రెండేళ్లు ఊదాను, మీకు ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి రోజూ నేనే. గురువారం ఎనిమిదిసార్లూ నేనే. చలికి భయపడి ముసలాడు ఇంట్లోంచే ఊదుతున్నాడని ఊరు అనుకుంటోంది. ఈ ఊళ్లో దాన్ని ఆడది ముట్టుకోగా ఎవరూ చూడలేదు. నా పై పెదవి మీద గుండ్రటి మచ్చ చూసి దోన్యా ప్రాక్సెదిస్, ఎవరే వాడు, పెళ్లెప్పుడు అని పీక్కుతింటోంది.

పుయెబ్లాలో అటక లేదు. నలభై మంది ముందు, జనరల్ ఎదుట ఎవరో ఒకరు నిలబడి ఊదాలి. జబ్బు చేసిందని చెప్పేద్దాం అన్నాడు తాతయ్య. మరి నేను ఊదితే అన్నాను. శాన్ లూకాస్ వాళ్లు నవ్వుతారే అన్నాడు. జావ ఒక గుక్క తాగి, నవ్వనీ, నవ్వడానికి వాళ్లకి పళ్లున్నాయి అన్నాడు. నిన్ను పిలవమని మాత్రం అనలేదు. నేనే అడుగుతున్నాను. నువ్వు సెలవు పెట్టి వచ్చి మన దళం ముందు నిలబడతావా? నీ చేత్తో ఊదితే ఎవరూ నవ్వరు. రావాలని ఒక రోజు అనుకుంటాను. నువ్వు రాకుండా ఉంటే బాగుండునని ఇంకో రోజు అనుకుంటాను, ఇదీ నిజమే, రాసేస్తున్నాను.

సోమవారం ఇరవై మూడున తపాలా మనిషి కొండ దిగుతాడు. అప్పటిదాకా నాలుగో గడి ఖాళీగా ఉంచుతాను. నీ పేరా నా పేరా, ఏప్రిల్ ఇరవై ఒకటి, పవిత్ర శనివారం లోగా నాకు చేరేటట్టు జవాబు రాయి. ఆ రోజు దాటితే నా పేరే రాస్తాను, సిరాతో.